స్తెఫను తలగుడ్డ

స్తెఫను తలగుడ్డ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఉతకడానికి అసలే వీల్లేదు. పెళ్ళయిన కొత్తలోనే లూర్దమ్మకు ఆ మాట చెప్పాడు.

జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీలో రాయి పేల్చడం అతని పని. బెజ్జాల్లో జిలెటిన్ తూటాలు దట్టించి, వైరు కలిపి, అందరూ దూరంగా వెళ్ళాక పేలుస్తాడు. ఆ తూటాల సరుకు ఒంటికి సోకితే కొత్తవాడికి నొప్పితో తల పగిలిపోతుంది. రోజూ ముట్టుకుంటే అలవాటవుతుంది గాని, ఆదివారం ఒక్కపూట దూరంగా ఉన్నా సోమవారం మళ్ళీ అదే పోటు. అందుకని పాతవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. తూటా చుట్టిన కాగితాన్ని తలగుడ్డకు రుద్దుకుని, సెలవునాడు కూడా ఆ గుడ్డే చుట్టుకునేవారు.

"గుడికైనా ఇంకోటి కట్టుకురావయ్యా. ఫాదరుగారు నిన్ను చూసి ముక్కు చిట్లిస్తున్నారు," అనేది లూర్దమ్మ.

"మగ్గిన అరటిపండు వాసనేగా. ఆయనకి ఆకలేసుంటది," అనేవాడు స్తెఫను.

ఆమె నవ్వేది గాని, ఆ వాసనంటే లోపల భయం. ఆమె తమ్ముడు అదే క్వారీలో పోయాడు. పేలకుండా రాతిలో మిగిలిన తూటాకు గునపం తగిలింది. అప్పట్నుంచి క్వారీ సైరన్ కూస్తే చాలు, ఆమె చేతిలో పని ఆగిపోయేది. స్తెఫను సైకిలు గుమ్మం ముందు ఆగేదాకా గుక్కెడు నీళ్ళు దిగేవి కావు.

ఎనభై ఒకటిలో క్వారీకి తూటాల బదులు కొత్త సరుకు వచ్చింది. స్లర్రీ అన్నారు.

"జావలాగా ఉందే," అన్నాడు స్తెఫను ఆ సాయంత్రం. "తెచ్చినాయన సుత్తితో బాదాడు, ఎత్తు మీంచి పడేశాడు. ఉలకదు, పలకదు. అచ్చం మా వీరరాఘవయ్య మేస్త్రే. మిలట్రీవాళ్ళు కూడా ఇట్టాంటి సరుకు కోసమే తంటాలు పడుతున్నారంట. పడాల్సిన చోట పేలాలి గాని మోసేవాడి చేతిలో కాదు గదా అన్నాడు."

"మా తమ్ముడున్నప్పుడు రాకపోయె," అంది లూర్దమ్మ.



తూటాలు పూర్తిగా మానేసిన వారమే ఆమె తలగుడ్డను పాలేటి రేవుకు పట్టుకుపోయి, సబ్బు అరిగేదాకా రుద్దింది.

"ఇన్నేళ్ళకి దొరికిందే నీకు," అని నవ్వాడతను.

మర్నాడు సైరన్ కూసినా ఆమె చెయ్యి ఆగలేదు.

ఆ ఆదివారం పూజ నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నవాడు ఛాతీ పట్టుకున్నాడు. "బండ పెట్టినట్టుందే. నా తలగుడ్డ ఇటియ్యి. ఇదివరకు ఇట్టా పట్టేస్తే ఆ వాసనకి వదిలేది."

ఆమె దండెం మీంచి లాగి ఇచ్చింది. అతను మొహానికి అదుముకున్నాడు.

"సబ్బు వాసనే," అన్నాడు.

లారీ దొరికి నందిగామ ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

ఏం పని చేసేవాడని అడిగి తెలుసుకుని, డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. "ఆ తూటాల్లో సరుకు రక్తనాళాలను వదులు చేస్తుందమ్మా. గుండెనొప్పికి నాలిక కింద పెట్టే మాత్రలోనూ ఉండేది అదే. ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ ఒంటికి ఉన్నట్టుండి అందకపోతే, కొందరికి నాళాలు బిగుసుకుపోతాయి."

"గుడ్డ ఉతక్కుండా ఉంటే బతికేవాడాండీ?"

"చెప్పలేనమ్మా," అన్నారాయన.

కొత్త సరుకు వచ్చాక క్వారీలో ఎవరి ప్రాణమూ పేలుడుకు పోలేదు. లూర్దమ్మ దాన్ని ఎన్నడూ తిట్టలేదు. మంచిదేనమ్మా అనేది.

స్తెఫను పోయి నెల తిరక్కుండానే ఒకనాడు పక్కింటి కృపావతి బట్టలు నానబెడుతూ కనబడింది. ఆమె భర్తదీ స్తెఫను పనే. గట్టు మీద భర్త తలగుడ్డ ఇంకా తడపకుండా ఉంది.

"మీ ఆయనకి గుండెల్లో ఏమన్నా పట్టేస్తందా?"

"అప్పుడప్పుడూ గ్యాసు అంటన్నాడు వదినా. ఏం?"

"గ్యాసు కాదు. ఇవ్వాళే నందిగామ తీసుకెళ్ళు. ఏం పని చేసేవాడో డాక్టరుగారికి మర్చిపోకుండా చెప్పు. పద, నేనూ వస్తా."

కృపావతి చేతులు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది. లూర్దమ్మ గట్టు మీద గుడ్డను తీసుకుని మొహానికి అదుముకుంది. మగ్గిన అరటిపండు వాసన. కృపావతి పిలిచేదాకా అట్లాగే నిలబడిపోయింది.