గ్రాఫిక్స్ కార్డు ఒకటి

ఆ రోజుల్లో అంటే మరీ వెనక్కి వెళ్లిపోకండి, నేను ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదివిన రోజులు, ఇంకా పదేళ్లు కూడా కాలేదు. అయినా అప్పటి నా కోపం తలుచుకుంటే అంత కోపం ఆ బక్క ఒంట్లో ఎక్కడ పట్టిందా అని ఆశ్చర్యం వేస్తుంది. పదహారేళ్ల ఆడపిల్ల తనకో కంప్యూటర్ కావాలంటే లోకమంతా ఏకమై ఎన్ని రకాలుగా అడ్డం పడగలదో నేను కళ్లారా చూశాను. ఆ లోకంలో ఉన్నది ముగ్గురే: మా నాన్న, మా మామ, ఒక అంగడి యజమాని. ముగ్గురూ చాలు.

మాది తిరువళ్లూరు దగ్గర పాండూరు. నాన్న పట్టాభిరామ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. నేను బడిలో కంప్యూటర్ సైన్స్ గ్రూపు తీసుకున్నాను కనుక ఇంట్లో కంప్యూటర్ ఉండి తీరాలని ఆరు నెలలు పోరాను. ప్రోగ్రాములు రాయాలన్నాను, ప్రాజెక్టు చేయాలన్నాను. అదంతా నిజమే. (స్నేహితురాలి ఇంట్లో కారు పందేల ఆట ఒకటి ఆడి వచ్చి, అన్నం తింటూ కూడా మనసులో స్టీరింగు తిప్పుతున్నానన్నదీ నిజమే. అది ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.) ఏది కొనాలో నోట్‌బుక్కులో రెండు పేజీలు రాసుకున్నాను. ఆఫీసులు వాడి తీసేసిన కంప్యూటర్ కొని, మెమరీ పెంచి, విడిగా ఒక పాత గ్రాఫిక్స్ కార్డు పెట్టిస్తే తక్కువలో చదువూ జరుగుతుంది, ఆటా జరుగుతుంది. తెర మీద బొమ్మను పరిగెత్తించేది ఆ కార్డే. అది లేకపోతే రేసు కారు కాస్తా ఎడ్లబండి అయిపోతుంది.

దీపావళి బోనస్ రాగానే నాన్న, "మీ మామను అడిగి తీసుకుందాం" అన్నాడు. మామ అంటే అమ్మ తమ్ముడు. తిరుత్తణిలో జిరాక్సు అంగడి పెట్టుకున్నాడు కాబట్టి కరెంటుతో నడిచే ప్రతి వస్తువు గురించీ ఆయనకు తెలుసని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆయన నా రెండు పేజీల వైపు కన్నెత్తి చూడకుండా తిరుత్తణిలోనే తనకు తెలిసిన అంగడికి తీసుకుపోయాడు. ఆ యజమాని నా తల మీదుగా నాన్నను చూసి, "వాంగన్నా, తంబికా?" అన్నాడు. తమిళంలో, రండన్నా, అబ్బాయికా అని. ఇంట్లో తంబి ఎవరూ లేరు, నాకే అన్నాను. "ఓ, పాపకా. అట్లయితే చిన్నది చాలు" అని మూలనున్న ఒక పసుపుబారిన పెట్టెను చూపించాడు. గ్రాఫిక్స్ కార్డు ఉండాలన్నాను. ఆయన నాకు జవాబు చెప్పకుండా మామ వైపు తిరిగాడు. మామ నవ్వుతూ, "యాడో వినింటుంది. ఉండేది చూసి ఇయ్యన్నా" అన్నాడు. యాడో విన్నానట. రెండు పేజీలు రాసుకున్న మనిషిని.

అప్పుడాయన లోపలి నుంచి ఇంకోటి తెచ్చాడు. ఒక పక్కంతా గాజు, లోపల రంగురంగుల లైట్లతో గిరగిర తిరిగే ఫ్యాన్లు. "ఇందులో అన్నీ ఉండాయి" అంటూ బిల్లు మీద స్వయంగా 'గ్రాఫిక్స్ కార్డు ఒకటి' అని రాశాడు. ఆ లైట్లు చూసి నేను కూడా పడిపోయాను. (ఈ ఒక్క విషయంలో ఆ ముగ్గురి కంటే నా మీదే నాకు ఎక్కువ కోపం.) పక్క మూత తీసి చూపించమని అడగలేదు.

ఇంటికి వచ్చి, నాన్న పనికి, అమ్మ పొలానికి పోయినప్పుడు ఆట పెట్టి చూశాను. కారు కదిలింది, ఆగింది, ఆలోచించుకుంది, మళ్లీ కదిలింది. నాన్న స్క్రూడ్రైవర్‌తో నేనే పక్క మూత విప్పితే కార్డు ఉండాల్సిన చోట ఖాళీ గాడి. మామకు ఫోన్ చేశాను. "లైట్లు ఎలగతా ఉండాయి కదా, ఇంకేమి?" అన్నాడు. ఆ మాటకు నాకు అన్నం సయించలేదు. రెండు రోజులు నాన్న వెంటపడి, ఆదివారం ఆ పెట్టెను దుప్పటిలో చుట్టించి బస్సెక్కించాను. దుప్పటి జారి గాజు కనిపించేసరికి, తిరుత్తణి కొండకు మొక్కు తీర్చుకోను పోతున్న ఒక పెద్దాయన, "ఏం పాపా, చేపల తొట్టా?" అని అడిగాడు. నాన్న నవ్వాడు. నేను నవ్వలేదు. అన్యాయం జరిగినప్పుడు నవ్వితే లొంగిపోయినట్టేనని అప్పట్లో నా సిద్ధాంతం.

అంగడిలో బిల్లు ముందు పెట్టి, కార్డు లేదన్నాను. యజమాని ఏమాత్రం తొణకలేదు. "విడి కార్డు లేకున్నా గ్రాఫిక్స్ ప్రాసెసర్ లోపలే ఉండాదమ్మా. నీ చదువుకు అది చాలు" అని కంప్యూటర్ పెట్టి, టైపింగు పేజీ తెరిచి, పాఠం వీడియో ఒకటి నడిపించాడు. అన్నీ నున్నగా నడిచాయి. "చూడన్నా, ఏం కొదవ?" అన్నాడు. జిరాక్సు అంగడి నుంచి వచ్చి చేరిన మామ, "బాగానే ఉండాదే" అన్నాడు. నాన్న కూడా నా వైపు చూసి, "బాగానే ఉంది కదమ్మా" అన్నాడు.

నాకప్పుడు అర్థమైంది. నాది న్యాయమని నిరూపించాలంటే ఆ ఆట పెట్టి చూపించాలి. చూపిస్తే ఆరు నెలలుగా చదువు, చదువు అని నేను పాడిన పాట ఏమిటో నాన్నకు తెలిసిపోతుంది. పెట్టె దుప్పటిలో చుట్టుకుని ఇంటికి పోయినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కానీ ఆ యజమాని ముఖంలోని చిరునవ్వు ఉంది చూశారూ, అది నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఆట తెరిచాను. కారు మొదటి మలుపులోనే ఆగి ఆగి పోయి గోడకు గుద్దుకుంది.

"ఓహో, గేముకా" అన్నాడు యజమాని, దొంగను పట్టుకున్నట్టు. "చదువుకని కదమ్మా చెప్పినారు."

"కార్డు ఒకటని బిల్లులో రాసినారు. లోపల పెట్టలేదు" అన్నాను. "దాంతో నేను చదువుకుంటానో, ఆడుకుంటానో, పూలు పెట్టి మొక్కుకుంటానో మీకెందుకు?"

నాన్న ముఖం వైపు చూసే ధైర్యం నాకు లేదు. ఆయన వంగి, మూత తీసి, ఆ ఖాళీ గాడిలో వేలు పెట్టి చూశాడు. "ఇక్కడేనా ఉండాల్సింది?" అని నన్నడిగాడు. అవునన్నాను. యజమాని వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "రాసినావు, పెట్టలేదు. మా ఫ్యాక్టరీలో నేనిట్ల చేస్తే సాయంత్రానికి గేటు బయట ఉంటాను. పెట్టియ్యి."

యజమాని గొణుక్కుంటూ ఇంకో కంప్యూటర్‌లోంచి కార్డు పీకి ఇందులో బిగించాడు. ("నేనప్పుడే చెప్పినా" అన్నాడు మామ. ఏం చెప్పాడో ఆయనకే తెలియాలి.) తర్వాత యజమాని కుర్చీ నా వైపు జరిపి, "నువ్వే చూసుకోమ్మా" అన్నాడు. ఆ అంగడిలో ఆయన నేరుగా నన్ను చూసి మర్యాదగా అన్న మొదటి మాట అది. కారు నీళ్లలా సాగింది. వెనక ముగ్గురు మగవాళ్లు నిలబడి చూస్తుండగా మూడో స్థానంలో వచ్చాను.

తిరుగు బస్సెక్కాం. తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. కనకమ్మసత్రం దాటాక నాన్న, "చదువుకని అన్నావే" అన్నాడు. "చదువుకు కూడా" అన్నాను. ఇంకో రెండు ఊళ్లు దాటాయి. తర్వాత, "ఆ కడపటి మలుపులో బ్రేక్ ముందే తొక్కేసినావు. అందుకే ఆ ఎర్ర బండోడు దాటుకోని పోయినాడు" అన్నాడు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. పోయిన సంవత్సరం నా జీతంతో, నా ఇష్టప్రకారం, ఎవరినీ అడగకుండా ఒక మంచి కంప్యూటర్ కొనుక్కున్నాను. అంగడి కుర్రవాడు నన్ను 'మేడం' అన్నాడు, అడగకముందే మూత తీసి ప్రతి భాగమూ చూపించాడు. పోట్లాడడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకుని పోయినదాన్ని, వాటిని అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులో ఏ ఆటైనా రెప్పపాటులో తెరుచుకుంటుంది, కారు ఎక్కడా ఆగదు. ఆఫీసు నుంచి వచ్చి, ఒక పందెం ఆడదామని కూర్చుని, తెర ముందే కునికిపాట్లు పడుతుంటాను. ఎవరి మీదైనా కాస్త కోపం వస్తే బాగుండు, మెలకువైనా ఉంటుంది.