మిషను కంటికి బొట్టు

ఈ పొద్దు నంద్యాల బియ్యం మిల్లులో నన్ను పని మానుకోమన్నారు. నేను చెప్తాండా, మనవరాలు రాస్తాంది.

ఆ మిల్లులో ఊడ్చేది నేనే, ఆయుధపూజకు మిషన్లకు బొట్లు పెట్టేదీ నేనే. ఈ ఏడాది మూటలు లెక్కపెట్టే కొత్త మిషను వచ్చింది. ఒక పక్క దీపం, ఎదురుగా గాజు కన్ను. నడుమ మూట అడ్డమొచ్చి వెలుగు ఆగితే అంకె ఒకటి పెరుగుతుంది. నిన్న పూజలో ఆ గాజుకు నిండుగా పసుపు రాసి కుంకుమ పెట్టినా.

పొద్దున మూటలు పోతానే ఉండాయి, అంకె కదల్లేదు. ఫిట్టరు మధ్యాహ్నం దాకా మిషనంతా విప్పి, ఆఖరుకు ఆ కన్ను చూసినాడు. మిల్లు సావుకారు నా మీద గయ్యిమన్నాడు, ఇంటికి పొమ్మన్నాడు.

"ఏందవ్వా, ఎవరన్నా కంట్లో బొట్టు పెడతారా?" అన్నాడు ఫిట్టరు.

"దానికి నుదురు యాడుందప్పా? మొగమంతా కన్నేనాయె!"

సావుకారే ముందు నవ్వినాడు. నేను కొంగుతో గాజు తుడిచినా. మూట పోయింది, అంకె పెరిగింది, నా పని పోకుండా నిలబడింది.

ఫిట్టరు కంటికి పైన ఎర్ర రంగుతో సున్న గీసి, "వచ్చే ఏడు ఈడ పెట్టవ్వా" అన్నాడు.

బొట్టు పెట్టిన నాది తప్పా, నుదురు మరిచి మిషను చేసినోడిదా? చదువుకున్నోళ్లు, మీరే చెప్పండి.