పేరు పెట్టని బోటు

నేను బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్‌ని. చప్పుడు ఎక్కడ వచ్చినా దానికో కారణం ఉంటుందని నమ్మి, ఆ నమ్మకం మీదే అన్నం తింటున్నవాణ్ణి. దెయ్యాల మాట ఎత్తితే మా ఆవిడ మీద కూడా విసుక్కుంటాను. నలభై రెండేళ్ల బతుకులో నేను దెయ్యాన్ని నమ్మింది ఒక్క రాత్రే. ఆ ఒక్క రాత్రీ నమ్మకుండా ఉండాల్సిందేమో. అదే చెబుతున్నాను.

మాది కళింగపట్నం. మా మావ ఎర్రయ్యకు, అంటే మా ఆవిడ నాన్నకు, ఒక ఫైబర్ బోటు ఉంది. మూడేళ్ల కిందట దాని ఇంజను ఒక పాడు అలవాటు నేర్చింది. ఒడ్డున బుద్ధిగా తిరుగుతుంది. రాత్రంతా సముద్రంలో లంగరు మీద ఉంటే మాత్రం తెల్లారి స్టార్టవదు. "ఒక్క రాత్తిరి నాతో రా అల్లుడూ, దాని రోగమేటో నువ్వే సూడు" అన్నాడు మావ. సరేనని మధ్యాహ్నం ఇద్దరమే బయల్దేరాం.

అదే రోజు తెల్లవారుజామున తాతారావు ఒంటరిగా వేటకు వెళ్లాడని మాకు తెలుసు. తాతారావు నా స్నేహితుడు, మా వీధివాడే. వారం కిందటే సొంతంగా చిన్న బోటు కొనుక్కున్నాడు. ఇంజను బిగించింది నేనే. అమావాస్య వెళ్లాక గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బోటుకి పేరు రాయించాలనుకున్నాడు. తల్లి పేరా, కూతురి పేరా అని ఇంట్లో రోజూ తగువే. పేరు పెట్టకుండా సముద్రం లోపలికి వెళ్లొద్దని అందరూ చెప్పారు. "ఆకలికి పేరు గావాలేటి?" అని నవ్వి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి మేము వంశధార సముద్రంలో కలిసే చోటు దాటి, ఎనిమిది బారల లోతులో ఆగాం. లంగరు నేనే వేశాను. కొత్త నైలాన్ తాడు, నా చేతుల్లోంచే జారింది. దాని మీద చిన్న మరక కూడా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మావ మొదటి ముద్ద సముద్రానికి వేసి, తర్వాత నాకు పెట్టాడు. ఎండుచేపల పులుసు. గాలి లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. వెల్లకిలా పడుకుంటే ఆకాశం నిండా చుక్కలు, దూరంగా లైట్‌హౌస్ దీపం. ఇంటి గొడవలన్నీ ఒడ్డునే ఉండిపోయాయి. నా జన్మలో అంత సుఖంగా ఎన్నడూ పడుకోలేదు. ఆ సుఖం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

కన్ను మూతపడే వేళకు పిలుపు వినబడింది. "రాజూ... సెయ్యందియ్యరా!"

తాతారావు గొంతే. పది బారల దూరం కూడా ఉండదు. నేను లేవబోతే మావ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

మా వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. రాత్రిపూట సముద్రంలో కేకేసేవాడు ముందు తన బోటు పేరు చెప్పాలి. అది చెప్పకుండా మనిషి పేరు పిలిస్తే పలకకూడదు. మావ చెవిలో అన్నాడు: "బతికున్నోడైతే బోటు పేరు సెప్తాడు. సచ్చినోడే నీ పేరు పిలుస్తాడు. పలికావా, నా కూతురి పుస్తె తెగిపోతాది."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాణ్ణి. ఆ చీకట్లో నవ్వు రాలేదు. రెండోసారి పిలిచాడు. ఏడుస్తున్నాడు. ఛార్జింగ్ లైటు నా పక్కనే ఉంది, వెయ్యలేదు. మూడో పిలుపు బోటు పక్కనుంచే వచ్చింది. లంగరు తాడు బిగుసుకుని బోటు ముక్కు కాస్త వంగింది. తర్వాత ఏమీ లేదు. పైన మళ్లీ అవే చుక్కలు.

తెల్లవారింది. ఇంజను మొదటి లాగుకే స్టార్టయింది, దిక్కుమాలినది! లంగరు లాగబోతే నీటికి మూరెడు కింద తాడుకి ఎర్ర తువ్వాలు ఉంది. కొట్టుకొచ్చి చుట్టుకున్నది కాదు, రెండు పేటలుగా ముడి వేసి ఉంది. తాతారావు తలకు కట్టుకునేది. ఇంజను బిగించిన రోజు నేను చేతులు తుడుచుకున్న గ్రీజు మరక కూడా అంచు మీద అలాగే ఉంది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. తాతారావు బోటుకి పేరు లేదు. బతికి ఉంటే మాత్రం ఏ పేరు చెబుతాడు? ఆ సంగతి ఊళ్లో అందరికంటే నాకే బాగా తెలుసు. మావకూ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. మావ తువ్వాలు కోసి నీళ్లలో పారేశాడు. "ఎవుల్తోటీ అనకు" అన్నాడు.

గంటసేపు చుట్టూ వెతికాం. బోర్లాపడిన అతని బోటు కనిపించింది, మనిషి లేడు. ఒడ్డుకి వచ్చేసరికి చేపలు ఎండబెట్టే చోట జనం. శవం మాకంటే ముందే చేరింది. ప్రాణం పోయి ఒక పగలూ రాత్రీ దాటిందని ఆ మధ్యాహ్నం పోస్టుమార్టం చేసిన డాక్టరు అన్నాడు. అంటే, మేము బయల్దేరక ముందే. ఆ మాటకు నా గుండె తేలికపడింది. స్నేహితుడి శవం దగ్గర నిలబడి, సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

అతని భార్య సూరమ్మ నా చొక్కా పట్టుకుంది. "అన్నా, రాత్తిరి నువ్వూ అటే ఉన్నావు గదా. మా ఆయన కేకేసినాడేటి? నిజం సెప్పు."

"లేదమ్మా" అన్నాను.

"నాకు తెల్సన్నా. నీకు ఇనబడితే నువ్వు ఊరుకుంటావేటి?" అంది. తర్వాత రెండు రోజులు ఆవిడ ఆ ఎర్ర తువ్వాలు కోసం ఒడ్డంతా తిరిగింది.

పొద్దున్నే పోయినవాడు రాత్రి ఎలా పిలిచాడు? తాడుకి ముడి ఎవరు వేశారు? డాక్టరు చెప్పిందే తప్పా? మూడేళ్లుగా ఆ రాత్రిని విప్పి, మళ్లీ బిగించి చూస్తూనే ఉన్నాను. కారణం దొరకలేదు.

దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ రాత్రి నన్ను పిలిచింది దెయ్యమే అయ్యుండాలని రోజూ గంగమ్మకు మొక్కుకుంటున్నాను.