రేవులో బల్లకట్టు లేదు

నిన్న మధ్యాహ్నం మా అమ్మ ఎండు బఠాణీలు స్టీలు పళ్లెంలోకి ఒంపింది. ఆ గలగల వినగానే నా చేతిలో పని ఆగిపోయింది. కామాటిపురాలో వరుస గదులున్న మా చాల్, మూడో అంతస్తులో గదుల ముందుండే గ్యాలరీ, ఎండ పడకుండా కట్టిన పాత చీర, కింద గల్లీలోంచి వచ్చే వెల్డింగు వాసన, వాటన్నిటి మధ్య పళ్లెంలో పాచికలు దొర్లిస్తూ స్వరూపక్క కళ్లముందుకొచ్చింది. గ్యాలరీ చెక్కల సందుల్లోంచి పాచికలు కిందివాళ్ల నెత్తిన పడుతున్నాయని ఆమె అన్నం తినే పళ్లెమే తెచ్చి మా మధ్య పెట్టేది.

స్వరూపక్క మాకు చుట్టం కాదు. మా గదికి రెండు తలుపుల అవతల ఉండేది. మా తాతలాగే వాళ్ల తాత కూడా పాలమూరు నుంచి ఇళ్లు కట్టే కూలిపనికి వచ్చినవాడు. ఆమె అంధేరిలో ఒక కాఫీ హోటల్లో పనిచేసేది. అక్కడికి వచ్చేవాళ్లు కాఫీ తాగుతూ రకరకాల ఆటలు ఆడతారు. ఆ ఆటలు ఎలా ఆడాలో చెప్పడం ఆమె పని. వాటిలో తనకు బాగా నచ్చినదాన్ని మా గ్యాలరీకి తెచ్చింది. దానికి బోర్డు లేదు, గెలుపూ లేదు. ఒకరు ఒక లోకాన్ని మాటలతో చూపిస్తారు. మిగిలినవాళ్లు ఆ లోకంలో తలా ఒక మనిషై, తాము ఏం చేస్తారో చెబుతారు. కష్టమైన పనైతే పాచిక వేసి తేల్చుకుంటారు. ఆదివారాలు నేను, కింది అంతస్తు నరేష్, అతని చెల్లెలు రేణుక ఆమె చుట్టూ చేరేవాళ్లం. నేనూ నరేష్ అప్పుడే డిగ్రీలో చేరాం. మాలో మేం మాట్లాడుకునేది హిందీ, కాదంటే మరాఠీ. అక్క చూపించే లోకంలో మాత్రం జనం మా నాయనమ్మ తెలుగు మాట్లాడేవారు. వాళ్లతో బేరమాడాలన్నా, అబద్ధమాడాలన్నా మాకు తెలుగు తప్పేది కాదు.

మొదట్లోనే ఒక సంగతి జరిగింది. కథలో మేం ఒక పెద్ద ఏరు దాటుతున్నాం. తాడు పట్టి లాగే బల్లకట్టు అది. దాన్ని నడిపే ముసలి బాలయ్య దారంతా సణుగుతూనే ఉన్నాడు. ఆటలో నరేష్ ఒక దొంగ. "గీ ముసలాయనను నీళ్లల్ల తోసేస్త" అన్నాడు. పాచిక అతనికే అనుకూలంగా పడింది. బాలయ్య ఏట్లో కొట్టుకుపోయాడు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. అక్క కూడా నవ్వింది. ఆట సాగిపోయింది.

కొన్ని ఆదివారాల తర్వాత కథలో అదే రేవుకు తిరిగొచ్చాం. రేణుక ఆడుతున్న మనిషిని పాము కరిచింది. మందు ఆవలి ఒడ్డున ఉంది. తాడు తెగిన బల్లకట్టు ఎక్కడో రాళ్లలో ఇరుక్కుందని, రేవులో ఏమీ లేదని అక్క చెప్పింది. జనం మూటలతో ఒడ్డున కూర్చుని ఉన్నారు. పురుడు పోయడానికి వెళ్లాల్సిన మంత్రసాని దిక్కుతోచక తిరుగుతోంది.

"ఇదేంది అక్కా, గది మస్తీల చేసిన కదా. ఛోడ్ దో నా, ఇడ్సిపెట్టు" అన్నాడు నరేష్.

"మస్తీలనే చేసినవ్. అందరం నవ్వినం గూడ. నేను నీకు శిక్ష ఏస్తలేను తమ్మీ. బాలయ్య లేడు, గంతే. ఇగ జెప్పు, ఏం చేస్తవ్?"

నరేష్ పళ్లెంలోంచి పాచిక తీసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "నేనే లాగుత" అన్నాడు. బల్లకట్టును రాళ్లలోంచి తీయడానికి పాచిక వేశాడు. తాడు ముడి వేయడానికి వేశాడు. ప్రవాహానికి వేశాడు. ఆ సాయంత్రమంతా ఒక దొంగ జనాన్ని ఏరు దాటించడం నేర్చుకున్నాడు. ముందు మంత్రసాని దాటింది. మందు అందింది, రేణుక మనిషి బతికింది. బాలయ్య మాత్రం తిరిగి రాలేదు. నరేష్ ఎంత బతిమాలినా అక్క ఆయన్ని బతికించలేదు. అయినా మేం ఆడినవాటన్నిటిలో ఆ ఆదివారమే గొప్పదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అక్కకు కోపం రాదని కాదు. ఒకసారి ఆమె పని నుంచి అలసిపోయి వచ్చి ఆటకు కూర్చుంది. మేం ఫోన్లు చూసుకుంటూ, సగం వింటూ ఉన్నాం. ఉన్నట్టుండి కథలో చెరువు కట్ట తెగింది. ఆటలో నేను నాటువైద్యురాలిని; నా ఆకులు, వేర్లు అన్నీ వరదలో పోయాయి.

"గా కట్టను మేం ముట్టనే లేదు అక్కా" అన్నాను. "గిది మేం చేసినదానికి వచ్చిన వరద కాదు. నువ్వు గుస్సల ఉన్నవ్."

అన్నాక నాకే భయం వేసింది. మా ఇంట్లో పెద్దవాళ్లతో అలా మాట్లాడితే వీపు పగిలేది. అక్క చేతిలోని పాచిక పళ్లెంలో పెట్టేసింది.

"సహీ చెప్పినవ్ సుజాతా. వరద రాలే. నీ మందులు నీకాడనే ఉన్నయ్. మీరు ఫోన్లు చూస్తే నాకు బాధైతది. గది నోటితోని జెప్పాలె గాని, వరద తెచ్చుడేంది?"

ఒక పెద్దమనిషి నా ముందు తన మాట వెనక్కి తీసుకోవడం నేను చూడటం అదే మొదలు. చేసిన పని వల్ల జరిగేది ఒకటి, ఎదుటివాళ్ల కోపం వల్ల జరిగేది ఒకటి. అప్పటిదాకా నాకు ఆ రెండూ ఒకటే.

ఆ వానాకాలం నరేష్ స్నేహితుడి స్కూటర్ మీద నాగ్‌పాడా సందులో వస్తూ, తోపుడుబండి మీద కూరగాయలమ్మే మరాఠీ ఆమెను గుద్దేశాడు. మేమంతా ఆమెను మావశీ అని, అంటే పిన్నీ అని పిలిచేవాళ్లం. ఆమె పడిపోవడం చూసి కూడా భయంతో ఆగకుండా ఇంటికి వచ్చేశాడు. వర్లిలో మేనమామ దగ్గర కొన్నాళ్లు దాక్కుందామని సంచి సర్దుకుని మెట్లు దిగుతుంటే, పైకి వస్తున్న అక్కా నేనూ ఎదురయ్యాం. జరిగిందంతా చెప్పాడు.

"నువ్వే జెప్పు అక్కా. వాపస్ పోతే ఏమైతది?"

అక్క మెట్టు మీద కూలబడింది. ఆమె ముఖంలో అంత భయం నేనెన్నడూ చూడలేదు. "నాకు తెల్వదు తమ్మీ. గిది నా ఆట గాదు. కొడ్తరో, పోలీసులను పిలుస్తరో నాకేం తెలుసు? నీ ఎంబడి నేనొస్త. నా చేతిల గంతే ఉన్నది."

నరేష్ సంచి నా చేతికిచ్చాడు. ముగ్గురం నడిచి వెళ్లాం. మావశీ మందుల దుకాణం మెట్ల మీద మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కొడుకు నరేష్ చెంప ఛెళ్లుమనిపించాడు. అక్క అడ్డుపడలేదు, పక్కనుంచి కదలనూ లేదు. రెండో దెబ్బకు మావశీయే కొడుకు చెయ్యి పట్టుకుని ఆపింది. "తిరిగొచ్చాడు కదా" అంది మరాఠీలో. ఎముక విరిగింది. కట్టు విప్పేదాకా రోజూ పొద్దున్నే నరేష్ ఆమె బండి తోశాడు. మొదట్లో ఆమె అతనితో మాట్లాడేది కాదు. తర్వాత తర్వాత కొత్తిమీర కట్టలు ఎలా తడపాలో చెప్పేది. కొడుకు మాత్రం చివరిదాకా పలకరించలేదు. ఇదంతా ఆట నేర్పిందని నేననను. ఆ రోజుల్లో మా ఎవరి నోటా బాలయ్య పేరు రాలేదు.

తర్వాత అక్క ఉద్యోగం మారి పుణె వెళ్లిపోయింది. నేను టీచర్నయ్యాను. ఇప్పటికీ ఏదైనా పాడుచేసినప్పుడు నాకు ముందు భయమే వస్తుంది. కానీ దాని వెనకాలే, ఇక్కణ్ణుంచి ఏం చేయొచ్చా అన్న కుతూహలం కూడా వస్తుంది. అది అక్క ఇచ్చింది. శనివారాలు దాదర్‌లో తెలుగు పిల్లలకు ఈ ఆట నేనే నడుపుతున్నాను. పోయిన వారం కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి కథలో ఒక ఊరి ధాన్యపు కొట్టుకు నిప్పు పెట్టింది. పెట్టీ పెట్టగానే, గాజు గ్లాసు జారవిడిచిన పిల్లలా, నా ముఖంలోకి చూసింది.

"నన్ను చూడకు తల్లీ, ఊరిని చూడు" అన్నాను.

ఆ అమ్మాయి మా మధ్య ఉన్న ఖాళీ బల్ల వైపు తిరిగింది. కళ్లు చిట్లించి, పొగలోంచి చూస్తున్నట్టు చాలాసేపు చూసింది.

"టీచర్, లోపల ఎవరన్నా ఉన్నరా?" అని అడిగింది.