ఖాళీ బండి మీద నూట పద్దెనిమిది

ఒక పాత బండి కొనడానికి అంతమంది మగవాళ్ళు ఎందుకు వెళ్ళాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెళ్ళిచూపులకైనా నలుగురైదుగురితో సరిపెడతారు. మా ఆయన కొనాలనుకున్న చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కును చూడటానికి ఆ ఆదివారం మా ఆడపడుచు భర్త తన మిత్రులు ఆరుగురిని వెంటపెట్టుకుని వచ్చాడు. వాళ్ళలో ఒకరు టైల్స్ షాపు, ఒకరు చిట్టీలు. మిగతావాళ్ళు ఏం చేస్తారో వాళ్ళకే తెలియాలి. బండి ఖాయమయ్యాక బిర్యానీతో దావత్ ఉంటుందని మాత్రం అందరికీ తెలుసు.

మా అన్నయ్య (ఆడపడుచు భర్తను నేను అన్నయ్య అనే పిలుస్తాను) ఇరవై ఏళ్ళు డీజిల్ బండ్లు తిప్పినవాడు. "చెవి పెడితే సాలు చెల్లె, ఇంజన్ జాతకం చెప్త" అని దారంతా అన్నాడు. ఉప్పల్ నుంచి నాచారం వచ్చే రోడ్డులో, ఒక రేకుల షెడ్డు ముందు ఆ తెల్ల బండి ఉంది. అన్నయ్య స్టార్ట్ చేయమన్నాడు. అమ్మే ఆయన తాళం తిప్పాడు. అన్నయ్య వంగి చెవి పెట్టాడు. చప్పుడేమీ లేదు.

"స్టార్ట్ జెయ్యవయ్యా."

"అయ్యిందన్నా."

అన్నయ్య ఒక్క క్షణం అలాగే వంగి ఉండి, లేచి, గంభీరంగా తల ఊపాడు. "మస్తు స్మూత్ ఉంది" అన్నాడు. మిత్రులంతా స్మూత్ ఉందన్నారు. తర్వాత నాలుగు టైర్లనూ తన్నారు. తలుపులు తీసి వేశారు. బ్యాటరీ పెట్టె మీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, చల్లగానే ఉందన్నారు. పొద్దున్నించీ కదలని బండి చల్లగా ఉండక ఏం చేస్తుంది?

అక్కడ నవ్వుకోగలిగిన స్థితిలో నేను లేను. మా ఆయన ఆరేళ్ళుగా నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ల దగ్గర పనిచేస్తున్నాడు. ఏడాదిగా దగ్గు పట్టుకుంది. ఆ గాలికి దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. ఎలా ఉండాలో చెప్పలేదు. ఇంతలో గాజు సీసాలు చేసే ఒక యూనిట్‌వాళ్ళు, సొంత బండి ఉంటే ఘట్‌కేసర్ గోదాముకు రోజూ సరుకు వేసే పని ఇస్తామన్నారు. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు. ఆ మాట వినగానే అన్నయ్య, "నౌకరి ఇడ్సిపెట్టు బామ్మర్ది. బండి సంగతి నాకిడ్సు, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఈయన మర్నాడే రాజీనామా రాసిచ్చి వచ్చాడు. నన్ను అడగలేదు. అడిగితే ఆగమనేదాన్నని తెలుసు. సీసాల పని సోమవారం నుంచి. మేము బండి చూస్తున్నది అంతకు ముందురోజు. మా పాపకు ఏడాదిన్నర. కాప్రాలో మా అమ్మ దగ్గర దింపి వచ్చాను.

అంటే ఆ బండి రోజుకు రెండుసార్లు ఘట్‌కేసర్ వెళ్ళి రాగలదా లేదా అన్నదే మా బతుకు ప్రశ్న. నాచారం నుంచి ఘట్‌కేసర్ ఇరవై రెండు కిలోమీటర్లు. రెండు ట్రిప్పులకు ఎనభై ఎనిమిది. అదీ నిండా సరుకుతో పోవాలి. మధ్యలో ఛార్జింగుకు దొరికేది గంట కూడా కాదు.

"ఒక్కసారి ఛార్జ్ జేస్తె ఎంత దూరం వోతది?" అని అన్నయ్య అడిగాడు.

అమ్మే ఆయన డ్యాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు. నూరు శాతం ఛార్జి. పక్కన నూట పద్దెనిమిది కిలోమీటర్లు. ఏడుగురూ కిటికీలోంచి తొంగి చూసి, దేవుడి దర్శనం అయినట్టు వెనక్కి వచ్చారు.

ఆ అంకె బ్యాటరీ చెప్పే నిజం కాదు. బండి ఈమధ్య ఎలా నడిచిందో చూసి వేసుకునే అంచనా. నాలుగు రోజులు ఖాళీగా, మెల్లగా, షెడ్డు చుట్టూ తిప్పితే ఎంత పాత బ్యాటరీ అయినా గొప్పలు చెబుతుంది. మూడు వారాలుగా, పాప నిద్రపోయాక, ఫోనులో ఇవే చదివాను. బి.ఎస్సీ. ఫిజిక్సు చదివినదాన్ని, ఆ మాత్రం అర్థమైంది. అర్థమైనదాన్ని మా ఆయనకు తిన్నగా చెప్పకుండా మూడు వారాలు నానబెట్టాను. బండి బాగుండాలని నేనూ దేవుళ్ళకు మొక్కుకుంటున్నాను. మొక్కుకునేవాళ్ళకు లెక్కలు రుచించవు.

చివరికి అక్కడే నోరు తెరిచాను. "అన్నయ్యా, సరుకెక్కిచ్చి ఒకసారి ఘట్‌కేసర్ దాంక వొయ్యొద్దామా? పక్క దుకాణంల సిమెంటు బస్తాలు కిరాయికిస్తరట."

అన్నయ్య చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

"చెల్లె, పూజ గాకముందు బరువెక్కియ్యరు. గుమ్మడికాయ కొట్టాలె, నిమ్మకాయలు తొక్కియ్యాలె. గప్పుడే సరుకు. బోణీ గాని బండి మీద బస్తాలేస్తె జిందగంత బరువే మోస్తది."

మోయడానికే కదా కొంటున్నది అని నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన చెబుతున్నది మాత్రం కల్పన కాదు. మా వైపు సరుకు బండ్లు కొనే ప్రతివాళ్ళూ పాటించేదే. పూజకు ముందు సరుకు ఎక్కించరు. కొన్నాకగాని పూజ చెయ్యరు. అంటే కొనక ముందు బరువుతో నడిపి చూసే దారే లేదు. డీజిల్ బండ్ల రోజుల్లో దానివల్ల నష్టం లేకపోయింది. బరువుంటే డీజిల్ కాస్త ఎక్కువ తాగేది, బంకులో మళ్ళీ పోసేవాళ్ళు. ఇప్పుడు పాత బ్యాటరీలు అమ్మేవాళ్ళకు ఇంతకన్నా గొప్ప వరం ఏముంది?

వరం అందుకున్నవాడు వెంటనే భక్తుడయ్యాడు. "అన్న మాట కరెక్టక్కా. ఇన్ని బండ్లు అమ్మిన, ఒక్కలు గిట్ల అడగలె."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ఊకో, బావ బాధపడ్తడు" అన్నాడు.

ఊరుకునేదాన్నే. అప్పుడే టైల్స్ షాపాయన "దావత్ యాడ మరి?" అని అడిగాడు. ఆ ఏడు పొట్టలను, వాటి వెనక ఉన్న ఏడు శరీరాలను ఒకసారి చూశాను. అమ్మే ఆయన్ను కూడా కలుపుకుంటే ఆరువందల కిలోలకు తగ్గరు. సీసాల పెట్టెలూ దాదాపు అంతే బరువు.

"దావత్ ఘట్‌కేసర్‌ల" అన్నాను. "అందరు బండ్లనే పోదాం. మనుషులు సరుకు గాదు గద అన్నయ్యా, పూజకు అడ్డం రాదు."

అన్నయ్య ఆలోచించాడు. శాస్త్రంలో అడ్డు కనబడలేదు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం తప్పని నాకు తెలుసు, ఆ తప్పు నాదే. అమ్మే ఆయన తన స్కూటరు మీద వస్తానన్నాడు. "నువ్వు రాకుంటె దావత్ ఎట్లయితది తమ్మీ" అంటూ అన్నయ్యే అతన్ని చెయ్యి పట్టి ఎక్కించాడు. మా ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన కూర్చుని ఫోనులో అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాను.

ఉప్పల్ చేరేసరికి అయిదు కిలోమీటర్లు నడిచాం. నూట పద్దెనిమిది తొంభై తొమ్మిదయింది. అక్కడి నుంచి కడుతున్న ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కన గుంతల్లో ఆగుతూ, లేస్తూ, బోడుప్పల్ దాటాం. వెనక నుంచి నవ్వులు, పాటలు. నారపల్లి దగ్గర అంకె డెబ్బైకి పడింది. మా ఆయన ఆ అంకెను చూడకుండా రోడ్డును చూశాడు. నేను అమ్మకు ఫోన్ చేసి పాప తిన్నదా అని అడిగాను. అది మూడోసారి. "తినకుండ నువ్వొచ్చి తినిపిస్తవా?" అని అమ్మ పెట్టేసింది. ఘట్‌కేసర్‌లో ఆగేటప్పటికి యాభై రెండు శాతం ఛార్జి ఉంది. కిలోమీటర్లు నలభై ఆరు.

దావత్ కోసం దిగినవాళ్ళకు మిర్చి బజ్జీలు, చాయ్ ఇప్పించాను. బిర్యానీ కోసం నడుములు విరగ్గొట్టుకున్న ఆ పెద్దమనుషుల మొహాలు చూడటం ఆ రోజు నాకు దక్కిన ఒకే ఒక సుఖం. ఎంత దొరికినా కాదనను.

తిరుగు దారిలో పీర్జాదిగూడ దగ్గర తెరమీద పసుపు గుర్తు వెలిగి, బండి వేగం దానంతటదే తగ్గిపోయింది. ఛార్జి తక్కువైతే అది నెమ్మదిగా మాత్రమే నడుస్తుంది. ఆటోలు, సైకిళ్ళు దాటిపోయాయి. బోడుప్పల్ బస్టాపులో మిత్రులు పనులు గుర్తొచ్చి ఒక్కొక్కరే దిగిపోయారు. చివరికి వెనక ఇద్దరే మిగిలారు, అన్నయ్య, అమ్మే ఆయన.

షెడ్డు ముందు బండి ఆగాక, బేరం బతికించుకోవడానికి అమ్మే ఆయన చెప్పిన మాట నేను మరిచిపోలేను.

"మనుషులు కదుల్తరక్కా. సరుకు కదలదు. గందుకే ఎక్కువ గుంజింది."

ఆరో తరగతి పిల్లవాడు కూడా నమ్మని ఆ మాటకు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న అన్నయ్య "అవును, కరెక్టే" అన్నాడు. అప్పటికి ఆయన ప్రేమ బండి మీద కాదు, తన మాట మీద. "కొంటమని గీ తమ్మికి మాటిచ్చినం బామ్మర్ది. ఇప్పుడు ఎనకకు జరిగితె నా మాట ఏంగావాలె?"

మా ఆయన బండి దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. "మొదట ఒక్క ట్రిప్పే కొడ్త. తర్వాత చూస్కుందాం" అని నాతో మెల్లగా అన్నాడు. రెండో ట్రిప్పు లేకపోతే సీసాలవాళ్ళు ఒక నెల కూడా ఉంచుకోరని ఇద్దరికీ తెలుసు. ఆయన మొహంలో కనబడింది తెలివితక్కువతనం కాదు, ఆ ఫ్యాక్టరీ గేటులోకి మళ్ళీ అడుగుపెట్టాలంటే భయం. "సరే తీసుకుందాం" అని అనడానికి నాకు ఎంతో దూరం లేదు. అంకెలు రాసుకున్న ఫోను ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన ఆ అంకెలను చివరిదాకా చూశాడు. తర్వాత దిగి తాళం అమ్మే ఆయన చేతిలో పెట్టాడు.

"బావా, మాట నీది. బండి నడపాల్సింది నేను. వద్దు."

పెళ్ళయినప్పటి నుంచి ఆయన తన బావకు వద్దని చెప్పడం నేను వినలేదు. అన్నయ్య నా వైపు చూసిన చూపు ఇంకా చల్లారలేదు. సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసి, "నలుగుర్ల మా ఆయన ఇజ్జత్ తీసినవ్. సదువుకున్నోళ్ళు ఇంటికొస్తె గిట్లనే ఉంటది" అంది. పరువు పోయింది నాలుగు టైర్లు తన్నడం వల్ల వదినా, నా వల్ల కాదు అని చెప్పాల్సింది. సరే వదినా అని పెట్టేశాను.

సీసాల యూనిట్‌కు మా ఆయనే ఫోన్ చేశాడు. సోమవారం రాలేనన్నాడు. "వేరెటోల్లను పెట్టుకుంటం మరి" అన్నారు అటువైపు. "పెట్టుకోన్రి అన్నా" అన్నాడు. బతిమాలలేదు.

బతిమాలడం ఫ్యాక్టరీ కోసం దాచుకున్నాడు. రాజీనామా వెనక్కి తీసుకుంటానంటే, తొందరపడినందుకు క్షమాపణతో ఇంగ్లీషులో ఉత్తరం తెమ్మన్నాడట సూపర్‌వైజరు. గాలి మార్చమని ఏడాదిగా అడుగుతుంటే ఒక ఫ్యాను పెట్టించలేని మనిషికి, ఉత్తరం ఇంగ్లీషులో కావాలి. అది రాసే పని నాకు పడింది. మూడు వారాలు బ్యాటరీల గురించి చదివినదాన్ని, మూడు పేరాల్లో మా ఆయన చేత క్షమాపణ చెప్పించాను. చదివి వినిపించమన్నాడు. ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పాను.

"దయచేసి అని రెండుసార్లెందుకు రాసినవ్?" అన్నాడు. "ఒక్కటి సాలు."

రెండోది కొట్టేసి, ఉత్తరాన్ని కొత్త కాగితం మీద మళ్ళీ రాశాను.