డేవిడ్ పొలం ఆట మూసేశారు

మా అబ్బాయి డేవిడ్ పోయి ఏడాది దాటింది. వాడి ఫోన్‌లో పొలం ఆట రోజూ తెరిచి, వాడు వేసిన మొక్కలకు నీళ్ళు పెట్టేదాన్ని. ఈ మధ్య ఒక్కో మడికి మూడు యాడ్లు చూడాల్సి వచ్చినా ఓర్చుకున్నాను. ఈ రోజు ఆట తెరుచుకోలేదు. నారాయణఖేడ్ బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే యాదగిరికి చూపించాను.

"కంపెనీకి నష్టమొచ్చిందట అక్కా. ఆట బంద్ జేసిన్రు."

"ఫోను మంచిగనే ఉంది గద తమ్మీ. బీరువల చీరల నడుమ దాస్తున్న."

"ఆట ఫోన్ల ఉండదక్కా, వాళ్ళ దగ్గరనే ఉంటది."

యాడ్ల కోసం రోజూ ఫోన్ మోగించినవాళ్ళు, మూసే ముందు ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఆ పొలాన్ని ఫోటో తీసుకునేదాన్ని. మీ పిల్లల ఆటలుంటే ఈ రోజే ఫోటో తీసుకోండి. తీశామని కింద కామెంట్లో నాకు చెప్పండి.