బంతి లేనివైపు

శనివారం పొద్దున ఇండోర్ స్టేడియం తలుపు తోయగానే పాలిష్ పెట్టిన చెక్క నేల వాసన గుప్పుమంటుంది. దాని వెనకే, రబ్బరు బూట్లు నేలకు రాసుకుంటున్న కీచు చప్పుడు. పిల్లల్ని ఆటకు తీసుకొచ్చే నాలాంటి తల్లులకు అది మామూలే. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ప్రకాశరావు అంకుల్ గుర్తుకొస్తారు. పై వరసలో గోడకు ఆనుకుని, మడిచిన కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఆయన ఎప్పుడూ బంతి పట్టిన మనిషి కాదు. ఎనభైలలో కాకినాడ నుంచి సిడ్నీకి ఇంజనీరుగా వచ్చారు. ఆదివారం చర్చి ఉండేది గానీ శనివారం సాయంత్రం ఎటూ పొద్దుపోయేది కాదట. ఒకరోజు దారిలో ఏదో హాల్లో కేకలు వినిపిస్తే లోపలికి వెళ్ళారు. మహిళల బాస్కెట్‌బాల్ జరుగుతోంది. ఆ రోజు కూర్చున్న మనిషి ఇక జీవితమంతా చూస్తూనే ఉండిపోయారు.

నేను ఆయన్ని మొదట కలిసినప్పుడు మా అమ్మాయి నిత్య ఆడుతోంది. నేను దాని పాయింట్లు ఫోన్లో ఎక్కించుకుంటున్నాను. ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా అనలిస్టుని కదా, లెక్కకు రానిది జరిగినట్టే అనిపించేది కాదు నాకు. వెనక వరసలోంచి తెలుగు వినిపించింది.

“ఏమ్మా, పాప బాగా ఆడుతోందా?”

“ఏమో అంకుల్, ఇవాళ స్కోర్ తక్కువే.”

“స్కోరు అదిగో, బోర్డు మీద ఉంది. నేనడిగింది ఆట సంగతి.”

నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట గుచ్చుకుంది. మరుసటి వారం ఆయన పక్కనే కూర్చున్నాను. అప్పుడు మొదలైంది కొలీన్ కథ. ఆ రోజుల్లో మా ప్రాంతపు జట్టులో ఇద్దరు గొప్ప ఆటగత్తెలుండేవారట, డయాన్, కొలీన్. ఇద్దరిలో కొలీనే గొప్పదని అంకుల్ నమ్మకం. “ఫైనల్లో, ఇంక టైమ్ అయిపోతోందనగా, కొలీన్ ఈ చివర్నించి ఆ చివరికి గాలిలా దూసుకుపోయి బాస్కెట్ వేసేసింది. కప్పు మాది. నా జన్మలో అలాంటిది ఇంకోటి చూళ్ళేదమ్మా” అనేవారు, ఆ దారంతా చేత్తో గీసి చూపిస్తూ.

నేను ఊరుకోలేదు. క్లబ్బు పాత రికార్డులన్నీ తిరగేశాను. డయాన్ అంకెలు ఆకాశంలో ఉన్నాయి. కొలీన్‌వి చాలా మామూలుగా ఉన్నాయి.

“అంకుల్, ఇష్టమైనవాళ్ళని జ్ఞాపకం కొంచెం పెద్దగా చూపిస్తుంది. నంబర్స్‌కి ఆ బయస్ ఉండదు” అన్నాను.

“ఉండదమ్మా. కళ్ళు కూడా ఉండవు” అన్నారాయన.

ఆ చలికాలమంతా మా వాదన సాగింది. ఇంతలో క్లబ్బు వాళ్ళు కొత్త కోర్టుకు పాతతరం ఆటగత్తె ఒకరి పేరు పెట్టాలనుకున్నారు. పోటీ ఆ ఇద్దరి మధ్యే. అంకెలు సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. కొలీన్ తరఫున మాట్లాడతానని అంకుల్ పేరిచ్చారు. కొలీన్ అప్పటికే చనిపోయింది. ఆమె తరఫున మాట్లాడటానికి ఇంకెవరూ రాలేదు. పేరు ఖాయం చేసే సమావేశానికి కొద్దిరోజుల ముందు, ఎవరి గ్యారేజీలోనో ఆ ఫైనల్ వీడియో క్యాసెట్ దొరికిందని కమిటీ వాళ్ళు కాపీ చేసి నాకు పంపారు.

ఒక్కదాన్నే కూర్చుని చూశాను. చివరి బాస్కెట్ వేసింది డయాన్. మూలన నిలబడి, చుట్టూ ఎవరూ లేకుండా, తీరిగ్గా వేసింది. ఆ చివరి పరుగులో కొలీన్ చెయ్యి బంతికి తగలనే లేదు.

వాదనలో గెలిచినందుకు సంతోషం కలగాలి. కానీ భయం వేసింది. పెద్దాయన ఇన్నేళ్ళుగా గుండెల్లో దాచుకున్నదాన్ని నా చేత్తో చెరిపెయ్యాలా? దాచేస్తే సమావేశంలో అందరి ముందూ ఆయన నవ్వులపాలవుతారు. చివరికి ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, టీవీలో పెట్టాను.

చూశారు. టీ చల్లారిపోయింది.

“నేను చూసింది... జరగలేదన్నమాట” అన్నారు మెల్లగా. నేను ఏదో అనబోతుంటే చెయ్యెత్తి ఆపారు. “మళ్ళీ వెయ్యమ్మా. ఈసారి బంతిని చూడకు. కొలీన్‌ని చూడు.”

మళ్ళీ వేశాను. బంతి ఉన్నవైపు వదిలేసి చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కళ్ళు అటే జారిపోతున్నాయి. బలవంతాన తిప్పుకుని చూశాను. కొలీన్ కోర్టు ఆ చివర్నించి చెయ్యెత్తి, బంతి తనకే వస్తున్నట్టుగా అరుస్తూ బుట్ట వైపు దూసుకొచ్చింది. డయాన్‌ని కాపలా కాస్తున్న అమ్మాయితో సహా, అవతలి జట్టు వాళ్ళు ఆమె మీదికి పరిగెత్తారు. మూల ఖాళీ అయింది. ఆ ఖాళీలో ఉన్న డయాన్‌కి బంతి అందింది. కొలీన్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు, పడుతుందని ముందే తెలిసినట్టు. రాబోయే క్షణాన్ని ఆ మనిషి ఒట్టి చేతులతో తయారుచేసింది.

అంకుల్ సోఫాలోంచి లేచి నిలబడ్డారు. “చూశావా! ఆ పిల్లలతోపాటు నన్ను కూడా లాక్కుపోయిందమ్మా! బంతి ఆవిడ దగ్గరే ఉందనుకున్నాను, ఇన్నాళ్ళూ!” ఓడిపోయిన మనిషిలా లేరు. “నేనే తక్కువ చేసి చెప్పాను ఆవిడ గురించి” అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

సమావేశంలో ఆయన మొదట చెప్పింది తన పొరపాటు గురించే. “జరగని బాస్కెట్ గురించి మీ అందరికీ ఇన్నేళ్ళు చెప్పాను” అని ఇంగ్లీషులో అంటే అందరూ నవ్వారు. తరవాత వీడియో వేసి, బంతిని చూడొద్దన్నారు. అందరూ కుర్చీల్లో ముందుకు వంగి చూశారు. అయినా కోర్టుకు డయాన్ పేరే పెట్టారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అంకులే. “ఆ పిల్ల వేసిందీ నిజమే కదమ్మా” అన్నారు కారెక్కుతూ.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆఫీసులో ఇప్పటికీ అంకెలతోనే నా పని. కాకపోతే ఒక మనిషి గురించిన అంకె చేతికొస్తే, వెళ్ళి ఆ మనిషిని ఒకసారి చూసి వస్తాను. ఆయన పెట్టిన అలవాటు అది.

మొన్న నిత్య ఒక్క బాస్కెట్ కూడా వెయ్యలేదు. కారులో ముఖం ముడుచుకుని, “ఐ డిడ్ నథింగ్ టుడే” అంది.

“అవతలి టీమ్ పొడుగు పిల్ల లోపలికి వస్తుంటే అడ్డంగా వెళ్ళి నిలబడ్డావు చూడు, అందుకే మీ వాళ్ళకి బంతి దొరికింది. మీ టీమ్‌లో అవా కిందపడితే తను కాయాల్సిన పిల్లని కూడా నువ్వే కాచావు” అన్నాను.

చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేసింది. “యూ సా దట్?”

“చూశానమ్మా.”

ఇంటి ముందు కారు ఆపాక కూడా దిగలేదు. నా కంట పడనివి ఇంకా ఏమేం చేసిందో, చేతులు తిప్పుతూ చెబుతూనే ఉంది.